యూఫేమియా గురక

ఓల్షాంకా ఊరి చివర, తెల్ల బెరడు చెట్ల గుంపు వెనకాల, ఆలుగడ్డలు దాచుకునే నేలమాళిగ ఒకటుంది. దాని పక్కన ఒకప్పుడు ఇల్లుండేది. ఇప్పుడు పొగగొట్టం మొదలు మాత్రం మిగిలింది. మాళిగ నెత్తిన, గడ్డి మొలిచిన మట్టిదిబ్బ మీద, రంగు వెలిసిన చెక్క శిలువ.

పొద్దువాలితే ఆ దారిన ఎవరూ పోరు.

ఎందుకంటే... లోపల ఎవరో గురక పెడతారు.

ఏడుపు కాదు, నవ్వు కాదు, గొలుసుల చప్పుడు కాదు. మర్యాదస్తులైన దెయ్యాలు చేసే పని ఏదీ కాదు. గురక! పుట్టగొడుగులకి పోయినవాళ్ళు బుట్టలు అక్కడే పారేసి వచ్చారు. తపాలా అతను మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతాడు, ఎవరైనా అడిగితే గాలి మార్పు కోసం అంటాడు.

నేనా? నేను ధైర్యస్తుణ్ణే. ఆ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను, ఆ దారిలో ఒక్కసారి కూడా భయపడలేదు. ఒక్కసారి కూడా వెళ్ళలేదు మరి. కాబట్టి ఇదంతా సెవెరిన్ నోట విన్నదే. అతను రెండో గ్లాసు తర్వాత చెప్పాడు, నేను మూడో గ్లాసు తర్వాత విన్నాను. తేడా ఏమైనా వస్తే అది ఆ ఒక్క గ్లాసుది.

సెవెరిన్ ఓస్తప్‌చుక్ ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆ వయసులో మా వైపు మగాళ్ళు తేనెటీగల్ని పెంచుతారు, లేదా పెళ్ళాంతో పోట్లాట పెంచుకుంటారు. సెవెరిన్ పూర్వీకుల్ని పెంచడం మొదలెట్టాడు. గోడకంటించే కాగితం చుట్ట ఒకటి కొని, దాని వెనకవైపు వంశవృక్షం గీశాడు. మూడేళ్ళలో నాలుగొందల పన్నెండు మంది తేలారు. అందులో ఒక జర్మన్ మిల్లువాడున్నాడు, ఒక తాతారు రౌతున్నాడు, ఎక్కణ్ణుంచి వచ్చాడో ఎందుకు వచ్చాడో తెలియని ఒక స్వీడన్ సిపాయి ఉన్నాడు, ఇద్దరు జమీందార్లు కూడా ఉన్నారు. జమీందార్లంటే పెద్దగా ఊహించుకోకండి. ఒకాయన తన ఎస్టేటులో తుమ్మితే పక్క ఎస్టేటాయన ‘చిరంజీవ’ అనాల్సి వచ్చేదట, అంత విస్తీర్ణం.

అందరూ దొరికారు. ఒక్క మనిషి దొరకలేదు.

యూఫేమియా.

ఆ ఇంట్లో ఈ కథ తెలియనివాళ్ళు లేరు. పంతొమ్మిది వందల నలభై మూడు శీతాకాలం, యుద్ధం రోజులు. జర్మన్ సైనికులు ఇల్లిల్లూ తిరిగి పందుల్నీ ధాన్యాన్నీ లెక్కపెట్టి పట్టుకుపోతున్నారు. దాచినవాణ్ణి నిలబెట్టి కాలుస్తున్నారు. ఓస్తప్‌చుక్‌ల వెనక గదిలో, తలకి రుమాలు కట్టుకుని, గడ్డం దాకా దుప్పటి కప్పుకుని యూఫేమియా పడుకుని ఉంది. టైఫస్ జ్వరం. ఆ జ్వరంలో ఒకటే గురక. సైనికులు గుమ్మం దాకా వచ్చారు... చూశారు... ‘టైఫస్’ అన్న మాట విన్నారు... వెనక్కి తిరిగి చూడకుండా పోయారు. చలికాలం గడిచేదాకా ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. వసంతం మొదట్లో యూఫేమియా పోయింది. అంటురోగంతో పోయినవాళ్ళని శ్మశానానికి తీసుకెళ్ళకూడదని చెప్పి రాత్రికి రాత్రి ఇంటి పక్క మాళిగ నెత్తిన పూడ్చి శిలువ పాతారు.

కొందరి ఇళ్ళల్లో వెండి చెంచాలు వారసత్వంగా వస్తాయి. ఓస్తప్‌చుక్‌లకి ఆ గది వచ్చింది. సెవెరిన్ పుట్టింది అరవై ఒకటిలో. అయినా ఆ గది నేల చల్లదనం అతని అరికాళ్ళకి గుర్తుంది. బూట్ల చప్పుడు గుర్తుంది. చిన్నప్పుడు నిద్రలో ఉలిక్కిపడి లేచి, ‘వచ్చేశారా?’ అని అడిగేవాడట. ఎవరు వచ్చారని అడిగితే చెప్పలేకపోయేవాడు.

గురక కూడా వచ్చింది. ‘అచ్చం యూఫేమియాలా పెడుతున్నావురా!’ అనేవాడు తండ్రి. ఆ మాటంటే సెవెరిన్‌కి ఛాతీ పొంగేది. భార్య వేరే గదికి మారిపోయినప్పుడు కూడా, వంశపు ఆస్తిని అర్థం చేసుకోలేని మనిషిలే అని సరిపెట్టుకున్నాడు.

ఇక అసలు తలనొప్పి.

ఆ కాలపు మనుషులు ఇద్దరే మిగిలారు. సెవెరిన్ పెదనాన్న నికనోర్‌కి ఎనభై నాలుగు. మేనత్త లియోకాదియాకి ఎనభై రెండు. వాళ్ళ తండ్రి ఆర్థడాక్స్ క్రైస్తవుడు, తల్లి క్యాథలిక్. మా వైపు ఇలాంటి ఇళ్ళల్లో మగపిల్లలు తండ్రి చర్చికి పోతారు, ఆడపిల్లలు తల్లి చర్చికి పోతారు. క్రిస్మస్‌లు రెండు, ఈస్టర్లు రెండు, తిట్లు మాత్రం ఒకే భాషలో. యుద్ధంలో పిల్లలకి ‘ఈవిడ మన చుట్టం’ అని చెప్పారే గానీ ఎటువైపు చుట్టమో చెప్పలేదు. నికనోర్ ఆవిణ్ణి మేనత్త అన్నాడు, అంటే తండ్రి తోబుట్టువు, అంటే ఆర్థడాక్స్. లియోకాదియా పెద్దమ్మ అంది, అంటే తల్లి అక్క, అంటే క్యాథలిక్.

పదకొండేళ్ళ కిందట క్రిస్మస్ ముందురాత్రి విందులో ఈ సంగతి ముదిరి బీట్‌రూట్ చారు గిన్నె గోడకి తగిలింది. ఆనాటి నించి ఎదురెదురు ఇళ్ళల్లో ఉంటూ అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. ఏదున్నా సెవెరిన్ మోయాలి.

“ఒరేయ్ సెవెరిన్, వెళ్ళి ఆ రోమ్ పోప్ గారి చెల్లెలితో చెప్పు, దాని కోడి నా క్యాబేజీల్లో ఉందని.”

“ఆ గడ్డంవాడితో చెప్పరా, నా కోడికి క్యాబేజీలంటే అసహ్యమని.”

సెవెరిన్ రోడ్డు దాటేవాడు. మళ్ళీ దాటేవాడు.

అతనికి ఒక్కటే ఆశ. యూఫేమియా ఎవరో కాగితం మీద తేలిపోతే, నిజం రాయి మీద చెక్కించేస్తే, ఇద్దరూ మళ్ళీ ఒక బల్ల దగ్గర కూర్చుంటారు. ఎనభై నాలుగు, ఎనభై రెండు... ఇంకెన్ని క్రిస్మస్‌లు మిగిలుంటాయి? అందుకని సమాధిరాయి కూడా పురమాయించాడు. రెండు చర్చిల పుస్తకాలూ, దస్తావేజుల ఆఫీసులో అలమారాలూ మూడేళ్ళు తిరగేశాడు. యూఫేమియా పుట్టలేదు, పెళ్ళాడలేదు, పోలేదు. గురక మాత్రం పెట్టింది.

అక్టోబరు ఆఖరి రోజున రాయి చెక్కే గెర్వాజీ ఫోన్ చేశాడు.

“సెవెరిన్ గారూ, మీ రాయి నా వాకిట్లో అడ్డంగా ఉంది. శిలువకి అడ్డకర్ర క్యాథలిక్‌ల్లా ఒకటా, ఆర్థడాక్సుల్లా మూడా?”

“ఇంకో వారం...”

“వారమా? రేపు ఊరంతా దీపాలు పట్టుకుని సమాధులకి పోతుంది. రేపు పొద్దున్నే చెప్పకపోతే రెండు చెక్కేస్తా. ఇద్దరికీ కోపం వస్తుంది, లెక్క సమానం.”

సెవెరిన్‌కి దారి ఒక్కటే కనిపించింది. ఆ చెక్క శిలువ మీద పాత రంగు కింద పేరో, ఏడో, ఏదో చెక్కి ఉండొచ్చు. ఇనప బ్రష్షు, టార్చి పట్టుకుని బయల్దేరాడు.

‘అప్పుడు సరిగ్గా అర్ధరాత్రి’ అని రాయాలని నాకు మహా సరదాగా ఉంది. కానీ అప్పుడు సాయంత్రం ఆరున్నర. మా దగ్గర ఆ రోజుల్లో నాలుగున్నరకే చీకటి పడుతుంది. దెయ్యాలు కూడా తొందరగా పని ముగించుకుని పడుకోవచ్చు.

మంచు పొలాల మీదకి పాకుతోంది. దూరంగా ఎవరిదో కుక్క ఒక్కసారి మొరిగి, ఎందుకొచ్చిన గొడవలే అన్నట్టు ఊరుకుంది. దిబ్బ ఎక్కాడు. శిలువకి కొత్త తెల్ల రుమాలు కట్టి ఉండాలి. ఏటా లియోకాదియా కడుతుంది, శిలువలకి గుడ్డ కట్టడం మా వైపు అలవాటే. దాని మొదట్లో తేనె కలిపిన గోధుమ గుగ్గిళ్ళ గిన్నె ఉండాలి. అది నికనోర్ పెడతాడు, పోయినవాళ్ళ ఆకలి తీరాలని. అసలు అతని చర్చిలో పెద్దల్ని తలుచుకునే పండగ ఇంకో వారానికి గానీ రాదు, కానీ చెల్లెలికంటే వెనకబడకూడదని ముందే పెట్టేస్తాడు.

టార్చి వేశాడు.

రుమాలు లేదు.

గిన్నె ఉంది... ఖాళీగా.

అప్పుడు వినిపించింది. కాళ్ళ కింది నించి —

గుర్‌ర్‌ర్... ఖుర్‌ర్‌ర్...

సెవెరిన్ మొట్టమొదట చేసిన పని తనని తాను గిల్లుకోవడం. ఎందుకంటే ఆ గురక అతనిదే. స్వరం, లయ, మధ్యలో ఆ చిన్న ఈల... అంతా. తను ఇంట్లో పడుకుని కల కంటున్నాడేమో అనుకున్నాడు. గిల్లితే నొప్పి పుట్టింది. గురక ఆగలేదు.

“నాయనమ్మా...” అన్నాడు. “నేను... సెవెరిన్‌ని. మీరు నాలుగొందల పదమూడో మనిషి... ఒక్క సంగతి చెప్పి పడుకోండి. మీరు క్యాథలిక్ అయితే ఒక గురక. ఆర్థడాక్స్ అయితే రెండు.”



గుర్‌ర్‌ర్.

సెవెరిన్ ఒక వేలు ముడిచాడు.

గుర్‌ర్‌ర్.

“అయితే పెదనాన్న మాటే...”

గుర్‌ర్‌ర్.

“...మూడో చర్చా, లూథరనా?” అన్నాడు గుసగుసగా.

జవాబుగా మాళిగ తలుపు కిర్రుమంది. చీకట్లోంచి ఒక ఆకారం వచ్చింది. పొట్టిగా... బాగా వంగిపోయి... నడుం నేలకి సమంగా... తలకి తెల్ల రుమాలు! దిబ్బ చుట్టూ తిరిగి పైకి వచ్చింది. సెవెరిన్ ముందు ఆగింది. చిన్న కళ్ళు. పొడుగాటి ముక్కు. ఆ స్థితిలో కూడా సెవెరిన్‌కి తోచిందేమిటంటే — ‘మా ఇంటి ముక్కే!’

బురదలో కూలబడ్డాడు. శిలువ గుర్తు వేసుకున్నాడు, క్యాథలిక్‌ల్లా ఎడమ నించి కుడికి ఒకసారి. ఎందుకైనా మంచిదని ఆర్థడాక్సుల్లా కుడి నించి ఎడమకి ఇంకోసారి.

ఆ ఆకారం గిన్నెని మూతితో ఒక్క తోపు తోసి, ఖాళీ అని తెలుసుకుని, “హుఫ్!” అంది. చాలా నిష్ఠూరంగా అంది. తర్వాత నాలుగు కాళ్ళ మీద అడవిలోకి పరిగెత్తింది. రుమాలుతో సహా.

నాలుగు కాళ్ళు.

సెవెరిన్ లెక్క చూసుకున్నాడు. అడవిపంది. ఎన్నేళ్ళ నించో మాళిగలో కాపురం పెట్టి, నికనోర్ గుగ్గిళ్ళు తిని, శిలువకి వీపు గోకుకుంటూ లియోకాదియా రుమాలు తలకి తగిలించుకున్న అడవిపంది! ఊరిని వణికించిన దెయ్యం! అతనికి నవ్వొచ్చింది. ఒంటరిగా, చీకట్లో, బురదలో కూర్చుని పెద్దగా నవ్వాడు.

నవ్వు మధ్యలో ఆగిపోయింది.

చేతిలోంచి జారిన టార్చి శిలువ మొదట్లో పడి వెలుగుతోంది. అక్కడ పంది మట్టి పెళ్ళగించి ఉంది. మట్టిలో... ఎముక.

దవడ.

“క్షమించండి నాయనమ్మా,” అంటూ తీశాడు. కింది దవడ. పళ్ళు గట్టిగా ఉన్నాయి. మనిషి భయంలో ఉన్నా చేతులకి వాటి అలవాటు వాటికుంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల చేత పళ్ళు లెక్కపెట్టించిన చేతులవి. మనిషికి కింది దవడలో పదహారు.

...పద్నాలుగు. పదిహేను. పదహారు.

పదిహేడు.

మళ్ళీ మొదటి నించి పెట్టాడు. మంచు చుట్టూ దగ్గరికొచ్చింది. పందొమ్మిది... ఇరవై... ఇరవై రెండు. పందికుండే లెక్క.

దవడ పక్కన మట్టిలో చిన్న రేకు బిళ్ళ. దాని మీద అంకెలు, జర్మన్ గద్ద బొమ్మ. యుద్ధంలో లెక్కపెట్టిన పందుల చెవులకి కుట్టిన బిళ్ళ.

సెవెరిన్ ఇంటికి పోలేదు. తిన్నగా నికనోర్ ఇంటికి వెళ్ళి, చేతిరుమాల్లో చుట్టిన దవడనీ బిళ్ళనీ బల్ల మీద పెట్టి విప్పాడు.

నికనోర్ చూశాడు. గడ్డం నిమురుకున్నాడు. లేచి, కిటికీ తెర లాగాడు.

“మెల్లగా మాట్లాడు. ఎదురింటికి వినపడుతుంది.”

“పెదనాన్నా... నీకు తెలుసా?”

“పద్నాలుగో ఏట మా నాన్న చెప్పాడురా. పొద్దున్నే పందికి నాటుసారాలో నానేసిన రొట్టె పెట్టేవాళ్ళట. మత్తుగా పడుకునేది. అమ్మ రుమాలు కట్టేది. పసిపిల్లలు నిజం దాచలేరని మాకు కూడా చుట్టమనే చెప్పారు. దూరం నించే చూడమనేవాళ్ళు, జ్వరం అంటుకుంటుందని.”

“మరి ఇన్నేళ్ళూ అత్తయ్యకి ఎందుకు చెప్పలేదు?”

“ఎట్లా చెప్పనురా? ఆరేళ్ళ పిల్ల అది. రోజూ ఆ గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని యూఫేమియా కోసం ప్రార్థన చదివేది. యూఫేమియా పోయిందని చెబితే ఇది ఎంత ఏడ్చిందంటే, ఆ ఏడుపు ఆపలేక నాన్న నిజంగానే తలా ఎముకలూ పూడ్చి శిలువ పాతాడు. తర్వాత ఈస్టర్ వచ్చింది. బల్ల మీద సాసేజీలొచ్చాయి. ఇది నాలుగు తిన్నది.” గొంతు ఇంకా తగ్గించాడు. “ఇప్పుడు వెళ్ళి, నువ్వు మీ పెద్దమ్మని ముల్లంగి పచ్చడితో తిన్నావే అని చెప్పనా? గుండెకి మిషను పెట్టించుకున్న మనిషికి?”

తలుపు దభాలున తెరుచుకుంది.

గుమ్మంలో లియోకాదియా. రాత్రి గౌను, రబ్బరు బూట్లు, చేతిలో ప్రార్థన పుస్తకం. పదకొండేళ్ళలో మొదటిసారి.

“తెర వేశారేంటి? ఈ గడ్డంవాడు పోయాడా?”

“ఇంకా లేదు. నిరాశపడకు,” అన్నాడు నికనోర్.

అప్పుడు ఆవిడ చూపు బల్ల మీద పడింది. ఒక్క అంగలో వచ్చి ప్రార్థన పుస్తకం దవడ మీద బోర్లించి, సెవెరిన్ చెవి మెలిపెట్టింది.

“బుద్ధుందా వెధవా! అన్నయ్య కంట పడనిస్తావా దీన్ని?”



“ఏమన్నావే?” అన్నాడు నికనోర్.

“ఏమీ అన్లేదు.”

“నీకు తెలుసా?!”

“నీకు తెలుసా?!”

“నాకు డెబ్భై ఏళ్ళుగా తెలుసు!”

“అమ్మ పోయేముందు నా చేత ఒట్టేయించుకుంది,” అంది లియోకాదియా కుర్చీలో కూలబడుతూ. “నికనోర్‌కి మాత్రం చెప్పకే, వాడు తట్టుకోలేడు, తన వంతు చక్కెర ముక్కలు గుమ్మంలో పెట్టి వచ్చేవాడే మేనత్త కోసం, అని...”

“మరి పదకొండేళ్ళు!” సెవెరిన్ అరిచినంత పని చేశాడు. “క్యాథలిక్ అని, ఆర్థడాక్స్ అని, గిన్నెలు విసురుకుని... నేను మూడేళ్ళు దస్తావేజుల దుమ్ము తిన్నాను!”

“పంది అని తెలిసినవాళ్ళెవరైనా దాని మతం కోసం పోట్లాడతారట్రా?” అంది లియోకాదియా. “పోట్లాడుతున్నంతసేపూ నాకు తెలీదనే కదా వీడనుకుంటాడు.”

“నేనూ అదే అనుకున్నా,” అన్నాడు నికనోర్.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముందు ఆవిడ భుజాలు కదిలాయి. తర్వాత అతని గడ్డం. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో సెవెరిన్‌కి కాసేపు తెలియలేదు.

“అయినా నాలుగు తిన్నావు,” అన్నాడు నికనోర్ కళ్ళు తుడుచుకుంటూ.

“మూడు. నాలుగోది నువ్వు నా పళ్ళెంలోంచి లాక్కున్నావు.”

“నేనా!”

“నువ్వే! దొంగ!”

సెవెరిన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తగాదా మహా తియ్యగా ఉంది అతనికి. కాసేపటికి భయపడుతూ అడిగాడు: “మరి... నా గురక?”

ఇద్దరూ తగాదా ఆపి అతన్ని పరీక్షగా చూశారు.

“అది మాత్రం ఆవిడదే,” అన్నారు ఒక్క గొంతుతో.

మర్నాడు పొద్దున్నే గెర్వాజీ ఫోన్. “ఒకటా, మూడా?”

ఫోన్ లియోకాదియా లాక్కుంది. “ఏ శిలువా వద్దు నాయనా. పేరు చెక్కు. కింద ‘మమ్మల్ని కాపాడింది’ అని చెక్కు. ఇంతే.”

నిజమే మరి. ఆ చలికాలం చుట్టుపక్కల ఊళ్ళల్లో చాలా ఇళ్ళు మనుషుల్లేకుండా అయ్యాయి. ఈ ఇంట్లో ఒక్క ముసలామె తాగి గురక పెట్టింది, ఇల్లు నిలిచింది. వంశవృక్షంలో ఆమెని చెరిపేద్దామని సెవెరిన్ రబ్బరు తీస్తే నికనోర్ చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పటికీ ఆమె అక్కడే ఉంది, చుక్కల గీతతో, నాలుగొందల పదమూడు.

కథ ఇక్కడితో అయిపోవాలి. సెవెరిన్ ఇక్కడే ఆపబోయాడు కూడా. నేనే అడిగాను, “మరి క్రిస్మస్‌కి కలిసి కూర్చున్నారా?” అని.

అతను గ్లాసు కింద పెట్టాడు.

కూర్చున్నారు. డిసెంబరు ఇరవై నాలుగున లియోకాదియా ఇంట్లో. బల్ల మీద చేపా, గసగసాలూ, బీట్‌రూట్ చారూ. ఆ రాత్రి ఎవరింట్లోనూ మాంసం ఉండదు. పిలవకుండా వచ్చే అతిథి కోసం ఒక పళ్ళెం ఖాళీగా ఉంచుతారు. ఆ రాత్రి పశువులు మనుషుల్లా మాట్లాడతాయని కూడా అంటారు.

చారు పోస్తుండగా తలుపు దగ్గర చప్పుడు.

హుఫ్.

ముగ్గురూ చెంచాలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. కిటికీలోంచి తెల్ల రుమాలు అంచు కనిపించింది.

“తలుపు తీయండి... అతిథి కదా,” అన్నాడు సెవెరిన్ గుసగుసగా.

“నువ్వు తియ్యి,” అన్నాడు నికనోర్. “మాట్లాడిందనుకో... సాసేజీల సంగతి ఎత్తిందనుకో...”

చివరికి లియోకాదియా ఖాళీ పళ్ళెం నింపి తలుపు సందులోంచి బయట పెట్టి, టక్కున వేసేసింది. పొద్దున్నకి పళ్ళెం అద్దంలా ఉంది. “చూశారా? మా పండక్కే వచ్చింది. క్యాథలిక్కే!” అని ఆవిడ రెండు వారాలు ఊరంతా చాటింది.

జనవరి ఆరు, ఆర్థడాక్సులకి క్రిస్మస్ ముందురాత్రి. నికనోర్ ఇంట్లో విందు. సరిగ్గా చారు పోసే వేళకి... హుఫ్. నికనోర్ పళ్ళెం పెట్టాడు. అదీ అద్దంలా అయింది.

“అంటే రెండు చర్చిలూ ఆవిడవే,” అన్నాను నేను. “బాగుంది! ఆ అడవిపందికి గుగ్గిళ్ళ రుచి తెలుసు, ఇళ్ళు తెలుసు. అంతేగా?”

“అంతే,” అన్నాడు సెవెరిన్. “నేనూ అదే అనుకున్నాను. పొద్దున్నే పళ్ళెం తీద్దామని వెళ్ళాను. దాని పక్కన గడప మీద అత్తయ్య రుమాలు కూడా ఉంది.”

“జారిపోయుంటుంది.”

“అదే అనుకోవాలి.” అతను నా గ్లాసు కూడా తీసుకుని తాగేశాడు. “నాలుగు మడతలు పెట్టి ఉంది.”